చెన్నై తీరాన బుడిత గుల్లను గుర్తుపట్టడం ఎలా

బెసంట్ నగర్ తీరంలోనో మెరీనాలోనో ఉదయం పూట అలల అంచు వెంబడి నడిచేవారికి తెల్లగా, బరువుగా, గట్లు గట్లుగా ఉండే చిప్పలు తరచుగా కనిపిస్తాయి. పిల్లలు వాటిని జేబుల నిండా ఏరుకుంటారు. ఇదేమిటని అడిగితే పెద్దలు చాలామంది గవ్వ అని చెప్పి ఊరుకుంటారు. కానీ గవ్వ వేరు, గుల్ల వేరు. గవ్వ నత్తల కుటుంబానికి చెందినది, దానికి ఒకటే పెంకు ఉంటుంది. గుల్ల రెండు చిప్పల మధ్య బతికే మెత్తని జీవి ఇల్లు. ఆ రెండు చిప్పల జీవుల్లో తెలుగువారికి బాగా పరిచయమైనది ఒకటుంది. కాకినాడ ప్రాంతంలో దానిని బుడిత గుల్ల అంటారు, కాకినాడ అఖాతంలో దానిని వేటాడి బతికే కుటుంబాలు ఉన్నాయి. దాని శాస్త్రీయ నామం టెజిల్లార్కా గ్రానోసా. పాత పుస్తకాల్లో అనడారా గ్రానోసా అని, ఇంకా పాతవాటిలో ఆర్కా గ్రానోసా అని ఉంటుంది. మూడూ ఒక్కటే కనుక పేర్లు చూసి తికమక పడనక్కరలేదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన గ్రానోసా అనే మాటకు లాటిన్‌లో గింజలు గింజలుగా ఉన్నది అని అర్థం, ఆ మాట ఎంత సరైనదో గుల్లను చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది.

ఈ గుల్లను పోలినవి చెన్నై తీరంలో చాలానే దొరుకుతాయి కాబట్టి పోలిక చూసి పేరు పెట్టేస్తే సగం సార్లు తప్పుతుంది. అన్నిటికంటే ముందు రంగును నమ్మడం మానుకోవాలి. ఎండకూ ఉప్పునీటికీ ఏ గుల్లయినా తెల్లబడుతుంది, నల్ల బురదలో కొంతకాలం పడి ఉంటే ఏ గుల్లయినా బూడిద రంగుకు తిరుగుతుంది. కీలు, గట్ల సంఖ్య, గట్ల మీది బొడిపెలు, ఈ మూడూ కలిసి సాక్ష్యం చెబితేనే అది బుడిత గుల్ల. ఆ సాక్ష్యాన్ని ఎలా రాబట్టాలో వరుసగా చెబుతాను.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో సముద్రం ఎక్కువ వెనక్కి తగ్గుతుంది కాబట్టి ఆ రోజుల్లో పాటు, అంటే నీరు బాగా తగ్గే సమయానికి ఒక గంట ముందు తీరానికి చేరుకోండి. చెన్నైలో ఆటుపోట్ల తేడా పెద్దది కాదు, పర్వ దినాల్లో కూడా సుమారు ఒక మీటరు ఉంటుంది. అందువల్ల గుజరాత్ తీరంలో లాగా మైళ్ల కొద్దీ నేల బయటపడుతుందని ఆశించకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల్లో, ముఖ్యంగా తుపాను వెళ్లిపోయిన రెండు మూడు రోజుల తర్వాత, ఒడ్డుకు కొట్టుకొచ్చే గుల్లలు ఎక్కువగా ఉంటాయి. అలలు ఇంకా ఉధృతంగా ఉన్నప్పుడు మాత్రం నీటిలోకి దిగవద్దు. ఈ తీరంలో నేల హఠాత్తుగా లోతవుతుంది, లోనికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి.

బుడిత గుల్ల ఇసుక తిన్నెల మీద పుట్టి పెరిగేది కాదు. అది బురద నేలను, నదీ ముఖాలను, మడ అడవుల అంచులను, అలల తాకిడి తక్కువగా ఉన్న అఖాతాలను కోరుకుంటుంది. అందుచేత బెసంట్ నగర్ ఇసుకలో మీకు దొరికిన చిప్ప అక్కడే బతికిందని అనుకోవడానికి వీల్లేదు. ఆ తీరానికి ఉత్తరపు కొసన అడయారు నది సముద్రంలో కలుస్తుంది, ఖాళీ చిప్పలు అటువంటి చోట్ల నుంచి కొట్టుకొచ్చి ఉండవచ్చు. మత్స్యకారుల వలల నుంచి దులిపి పారేసినవి కూడా ఇసుకలో చేరతాయి. ఊరూరు కుప్పం అనే జాలరిపల్లె వైపు వలలు ఆరబెట్టే చోట మర్యాదగా అడిగితే వలలో చిక్కిన చిప్పలను చూపిస్తారు. అక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. తమిళంలో మట్టి అంటే మన మన్ను కాదు, రెండు చిప్పల గుల్ల. “మట్టి ఉందా” అని మీరు అడిగితే వాళ్లకు సరిగ్గానే అర్థమవుతుంది, పక్కనున్న తెలుగువారికే విడమరచి చెప్పాల్సి వస్తుంది.

ఏరేటప్పుడు ఖాళీ చిప్పలనే తీసుకోండి. రెండు చిప్పలూ గట్టిగా మూసుకుని బరువుగా ఉన్నది దొరికితే అది బతికి ఉండవచ్చు కనుక ఫోటో తీసుకుని, దొరికిన చోటే తడి బురదలో తిరిగి పెట్టేయండి. కొన్ని శంఖాలకూ, రాకాసి గుల్లలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. బుడిత గుల్ల వాటిలో లేదు, అయినా ప్రాణమున్న దానిని పేరు తెలుసుకోవడం కోసం చంపవలసిన పని లేదు, ఎందుకంటే గుర్తుపట్టడానికి కావలసిన లక్షణాలన్నీ ఖాళీ చిప్పలోనే ఉన్నాయి. జంటగా అతుక్కుని ఉన్న ఖాళీ చిప్పలు దొరికితే వాటిని ప్రత్యేకంగా పక్కన పెట్టండి, తర్వాత చాలా ఉపయోగపడతాయి.

కడగడం

ఇంటికి తెచ్చిన చిప్పలను ఒక రాత్రి మంచినీటిలో నానబెట్టి, మరునాడు పాత టూత్‌బ్రష్‌తో గట్ల మధ్య చాళ్లలో ఇరుక్కున్న ఇసుకను నెమ్మదిగా తీసేయండి. మరకలు పోవాలని నిమ్మరసం, చింతపండు, వెనిగర్, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వాడకూడదు. గుల్ల కాల్షియం కార్బొనేట్‌తో తయారైనది, పులుపు తగిలితే బుడగలు వచ్చి కరిగిపోతుంది. ముందుగా కరిగేవి మనం చూడాలనుకున్న సన్నని బొడిపెలే. బ్లీచింగ్ కూడా వద్దు, అది గుల్ల మీద మిగిలిన గోధుమ రంగు పై పొరను తినేస్తుంది. ఆ పొర కూడా ఒక ఆధారమే.

ఆరిన తర్వాత నల్లని గుడ్డ పరచి, దాని మీద చిప్పలు పెట్టి, కిటికీ పక్కన వెలుతురు ఏటవాలుగా పడేలా కూర్చోండి. ఒక భూతద్దం, స్కేలు, మెత్తని పెన్సిల్ ఉంటే చాలు.

కీలు చూడడం

చిప్పను బోర్లా కాకుండా లోపలి వైపు మీకు కనిపించేలా, ముక్కులాగా పొడుచుకొచ్చిన భాగం పైకి ఉండేలా పట్టుకోండి. రెండు చిప్పలూ కలిసే కీలు ఆ ముక్కు కిందే ఉంటుంది. అక్కడ భూతద్దం పెట్టి చూడండి. ఇది బుడిత గుల్ల కుటుంబానికి చెందినదైతే, కీలు వెంబడి దాదాపు తిన్నని గీతలాగా ఒక పట్టీ ఉండి, దాని పొడవునా సన్నని పళ్లు దువ్వెన పళ్లలాగా వరుసగా కనిపిస్తాయి. మధ్యలో చిన్నవిగా, రెండు కొసలకు పోయేకొద్దీ కొంచెం పెద్దవిగా ఉంటాయి. కీలుకూ ముక్కుకూ మధ్య ఒక చదునైన త్రికోణపు జాగా ఉంటుంది. అక్కడ నల్లని జిగురు లాంటి స్నాయువు ఊడిపోయిన తర్వాత ఇంటి కప్పు వాలు ఆకారంలో గాళ్లు తేలి కనిపిస్తాయి.

నా దృష్టిలో ఈ ఒక్క పరీక్షకు మిగిలిన వాటికన్నా ఎక్కువ విలువ ఉంది. గట్లున్న గుల్లలు వేర్వేరు కుటుంబాల్లో ఉన్నాయి, గట్లు ఎవరికైనా ఉండవచ్చు, కానీ దువ్వెన పళ్ల తిన్నని కీలు ఆ తీరంలో మీరు ఏరే గట్ల గుల్లల్లో ఈ కుటుంబానికే ఉంటుంది. కార్డిటా అనే గుల్లను తీసుకోండి. బలమైన గట్లు, మందమైన చిప్ప, అచ్చం మన గుల్లే అనిపిస్తుంది. తిప్పి చూస్తే కీలులో ఏటవాలుగా సాగిన రెండు మూడు లావుపాటి పళ్లే ఉంటాయి. కాకల్ అనే గుండె ఆకారపు గుల్లకు కూడా గట్లుంటాయి, కానీ దాని కీలు వంపుగా ఉండి, ముక్కు కింద కొన్ని పళ్లు, దూరంగా రెండు పక్కలా కొన్ని పళ్లు ఉంటాయి, మధ్య జాగా ఖాళీ. నున్నగా మెరిసే మెరెట్రిక్స్, మూడు కోణాలుగా ఉండి అల వెనక్కి పోగానే ఇసుకలోకి దూరిపోయే డోనాక్స్ వంటి వాటికి అసలు ఇటువంటి గట్లే ఉండవు కాబట్టి వాటి గురించి ఆలోచించనక్కరలేదు.

కీలు అరిగిపోయి పళ్లు కనిపించకపోతే ఆ చిప్పను పక్కన పెట్టేసి మరొకటి తీసుకోండి. అరిగిన చిప్పతో వాదించి లాభం లేదు.

గట్లు లెక్కపెట్టడం

దువ్వెన పళ్ల కీలు కనిపించినంత మాత్రాన అది బుడిత గుల్ల అయిపోదు. దాని బంధువులందరికీ అదే కీలు. వాటిని విడదీసేది గట్ల సంఖ్య. ముక్కు దగ్గర మొదలై అంచు దాకా విసనకర్ర పుల్లల్లాగా విచ్చుకునే ఎత్తైన గీతలే గట్లు, రెండు గట్ల నడుమ ఉండే పల్లాన్ని చాలు అంటాం. పొలంలో గట్టునూ చాలునూ ఎలా వేరుగా చూస్తామో అలాగే చూడాలి.

బుడిత గుల్లకు ఒక్కో చిప్ప మీద సుమారు 18 గట్లు ఉంటాయి. ఈ సంఖ్య 15 నుంచి 20 దాకా మారవచ్చు. లెక్క సులువుగానే కనిపిస్తుంది కానీ తప్పు పోయేది ఇక్కడే. ముక్కు దగ్గర గట్లు ఇరుకుగా కలిసిపోయి ఉంటాయి కనుక అక్కడ లెక్కపెట్టకండి, అంచు దగ్గర లెక్కపెట్టండి. కీలుకు దగ్గరగా, రెండు పక్కలా ఉండే చివరి గట్లు సన్నగా, చదునుగా ఉండి కంటికి ఆనవు. నేను మొదట్లో లెక్కపెట్టిన చిప్పలకు 14, 15 అని వేసుకుని, అంత తక్కువ ఎలా వస్తున్నాయా అని ఆశ్చర్యపోయాను. ప్రతిసారీ పక్కన ఉన్న రెండు మూడు గట్లను వదిలేశానని తర్వాత తెలిసింది. అందుకని ఒక పద్ధతి పాటించండి. ముందు వైపు, అంటే పొట్టిగా గుండ్రంగా ఉండే వైపు, కీలు కొస నుంచి మొదలుపెట్టి ప్రతి 5వ గట్టు చివర పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. అటు కొస చేరాక చుక్కలను 5తో గుణించి మిగిలినవి కలపండి. తర్వాత చిప్పను తిప్పి లోపలి అంచు చూడండి. పై గట్లకు సరిపోయేలా లోపలి అంచున లోతైన నొక్కులు ఉంటాయి, వాటిని కూడా లెక్కపెడితే మొదటి లెక్క సరిపోయిందో లేదో తేలిపోతుంది. జంట చిప్పలు ఉంటే రెండింటినీ లెక్కపెట్టండి.

సంఖ్య 30 దాటితే మీ చేతిలో ఉన్నది అనడారా ప్రజాతికి చెందిన మరొక గుల్ల. అనడారా ఆంటిక్వాటా అయితే 40 దరిదాపుల్లో గట్లు ఉంటాయి. అనడారా ఇనీక్వివాల్విస్ అనే దానికి 30కి పైగా ఉంటాయి. రెండో దానిని పట్టుకోవడానికి జంట చిప్పలు ఉండాలి. దాని ఎడమ చిప్ప కుడి చిప్ప కన్నా కొంచెం పెద్దదై అంచు వెంబడి పైకి వచ్చి ఉంటుంది, ఒక డబ్బా మూత కొంచెం పెద్దదైతే ఎలా ఉంటుందో అలా. బుడిత గుల్ల రెండు చిప్పలూ సమానంగా ఉండి, అంచుల నొక్కులు ఒకదానిలో ఒకటి ఖాళీ లేకుండా కూర్చుంటాయి. జంటను పక్కన పెట్టమని ముందు చెప్పింది ఇందుకే.

సంఖ్య 20కీ 30కీ మధ్య వస్తే తొందరపడకండి. బొడిపెలున్న గట్లతో, కొంచెం ఎక్కువ సంఖ్యతో ఉండే దగ్గరి బంధువులు ఉన్నాయి. కాకినాడలో బుడిత గుల్లతో పాటు దొరికే రాంబియా అనే గుల్ల అటువంటిదే. అలాంటప్పుడు చీటీ మీద సంఖ్య రాసి జాతి పేరు ఖాళీగా ఉంచడమే సరైన పని.

బొడిపెలు, పై పొర, ఆకారం

ఇప్పుడు ఒక్కో గట్టు మీద వేలి గోరు నడపండి. బుడిత గుల్ల గట్టు నున్నగా ఉండదు, దాని మీద వరుసగా, క్రమం తప్పకుండా, చాలావరకు నలుచదరంగా ఉండే బొడిపెలు గోరుకు తగులుతాయి. పక్క గట్టుకూ దీనికీ మధ్య చాలు వెడల్పుగా ఉంటుంది, గట్టు వెడల్పుకు దాదాపు సమానంగా. మందపాటి చిప్ప, బాగా ఉబ్బిన పొట్ట, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఎత్తు కన్నా కొంచెమే ఎక్కువైన పొడవు, ఇవన్నీ కలిసి దానికి ఒక దిటవైన, గుండ్రటి రూపం ఇస్తాయి. సాధారణంగా 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అరుదుగా 9 సెంటీమీటర్లు చేరుతుంది. తాజాగా చనిపోయిన గుల్ల మీద పసుపు కలిసిన గోధుమ రంగు పొర పలుచగా, నున్నగా అతుక్కుని ఉంటుంది. దాని కింద చిప్ప తెల్లనిది. పొర వెంట్రుకల్లాగా, మఖమలు లాగా ఉంటే అది బంధువుల్లో ఏదో అయి ఉండవచ్చని అనుమానించండి.

అలలు నూరిన చిప్ప మీద బొడిపెలు నడిపొట్ట భాగంలో మొదట అరుగుతాయి, పక్క గట్ల మీద, ముఖ్యంగా ముందు వైపు, ఎక్కువ కాలం నిలుస్తాయి. నడిమి భాగం నున్నగా ఉందని వెంటనే తోసిపుచ్చకుండా పక్కలు కూడా చూడండి.

ముక్కుకు దగ్గరగా బరమాతో తొలిచినట్టు గుండ్రని రంధ్రం కనిపిస్తే అది పొరపాటున పడినది కాదు, నాటికా వంటి వేటాడే నత్త చేసిన పని. ఆ రంధ్రం జాతిని గుర్తించడానికి పనికిరాదు.

లోపల ఏముంది

చిప్ప లోపలి వైపు తెల్లగా, ముక్కు లోపలి గుంట దగ్గర లేత పసుపుగా ఉంటుంది. రెండు పక్కలా రెండు కండరాలు అంటుకున్న మచ్చలు, వాటిని కలుపుతూ అంచుకు సమాంతరంగా ఒక సన్నని గీత కనిపిస్తాయి. ఆ గీత ఎక్కడా లోనికి మడత పడకుండా సాఫీగా సాగుతుంది. మెరెట్రిక్స్‌లోనూ డోనాక్స్‌లోనూ ఇదే గీత వెనక వైపు లోనికి వంగి ఒక జేబులాగా మడుస్తుంది, ఎందుకంటే వాటికి నీళ్లు పీల్చే గొట్టాలు ఉన్నాయి, గుల్ల మూసుకునేటప్పుడు ఆ గొట్టాలు ముడుచుకునే జాగా అది. బుడిత గుల్లకు గొట్టాలు లేవు కాబట్టి మడత లేదు, గొట్టాలు లేవు కాబట్టే అది లోతుకు పోలేక బురద పైపొరలోనే ఉంటుంది. ఒక గీత చూసి ఆ జీవి ఎంత లోతున బతికిందో చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఎంతో అబ్బురంగా ఉంటుంది.

బతికున్న గుల్ల విషయంలో ఇంకొక గుర్తు ఉంది. చాలా గుల్లల రక్తానికి రంగు ఉండదు, కానీ బుడిత గుల్ల రక్తంలో మన రక్తంలో లాగానే హిమోగ్లోబిన్ ఉండడం వల్ల అది ఎర్రగా ఉంటుంది. ప్రాణవాయువు తక్కువగా ఉండే బురదలో బతకడానికి అది దానికి తోడ్పడుతుంది. చేపల బజారులో ఎవరైనా విప్పిన గుల్లలో ఎర్రని ద్రవం కనిపిస్తే పాడైపోయిందని భయపడనక్కరలేదు. ఈ ఎరుపు దాని బంధువులకూ ఉంటుంది కనుక జాతిని తేల్చడానికి ఇదొక్కటే చాలదు.

తినదగినదే కదా అని అడయారు, కూవం నదీ ముఖాల దగ్గర ఏరినవి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వండవద్దు. గుల్ల నీటిని వడకట్టుకుని తింటుంది, ఆ నీటిలో మురుగు ఉంటే మురుగులోని క్రిములన్నీ దాని ఒంట్లో చేరతాయి. 1988లో షాంఘై నగరంలో ఇదే కుటుంబపు గుల్లలను సరిగ్గా ఉడకబెట్టకుండా తిన్నందువల్ల దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఎ కామెర్లు సోకాయి. పిల్లలకు గుల్లలు చూపించే రోజు ఈ సంగతి కూడా చెప్పండి, చేతులు సబ్బుతో కడిగించండి.

చీటీ రాసి దాచుకోవడం

పేరు తేల్చిన తర్వాత, లేదా తేలకపోయినా, ప్రతి చిప్పకూ ఒక చీటీ రాయండి. దొరికిన చోటు, తేదీ, పాటా పోటా, ఇసుకా బురదా, కుడి ఎడమ గట్ల సంఖ్య, మిల్లీమీటర్లలో పొడవు, బొడిపెలు ఉన్నాయా అన్నది పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఈ ఊరి గాలి తేమకు అలుక్కుపోతుంది. జాతి ఖాయమైతే టెజిల్లార్కా గ్రానోసా, బుడిత గుల్ల అని రెండు పేర్లూ రాయండి. సందేహం ఉంటే ‘దువ్వెన పళ్ల కీలు, 22 గట్లు, బొడిపెలు ఉన్నాయి’ అని చూసినది చూసినట్టు రాస్తే చాలు, తర్వాత తెలిసినవారు ఎవరైనా దానిని చదివి పేరు పెట్టగలుగుతారు. పోల్చి చూసుకోవాలంటే 1851లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని జంతుశాస్త్ర విభాగానికి వెళ్లవచ్చు. శాంథోమ్ హై రోడ్డులో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ వారి సముద్ర జీవశాస్త్ర కేంద్రం కూడా ఉంది.

దాచేటప్పుడు చెక్క పెట్టెలూ చవక అట్టపెట్టెలూ వాడవద్దు. చెక్క నుంచీ అట్ట నుంచీ వెలువడే ఆమ్లపు ఆవిరి, చెన్నై గాలిలోని తేమతో కలిసి, కొన్నేళ్లలో గుల్ల మీద తెల్లని పొడిగా పూసి గట్లనూ బొడిపెలనూ తినేస్తుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, బాగా ఆరిన చిప్పలను చీటీతో సహా చిన్న సంచుల్లో వేసి పెట్టండి, ఏడాదికి ఒకసారి, వానాకాలం దాటిన తర్వాత, డబ్బా తెరిచి గాలి తగలనిచ్చి మళ్లీ మూయండి.